ముప్పై ఒకటో చుట్టు

ఆలూరులో సుగుణమ్మ మాటకు తిరుగులేదు. పదిహేనేళ్లుగా ఆశా వర్కరు. ఎవరు బీపీ గోలీలు మింగుతున్నారో, ఎవరు గూట్లో దాచి మింగానంటున్నారో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. మింగేదాకా గడప దిగదు. ఊళ్లో మొండిదంటారు. ఆమె కూడా కాదనదు.

అంతటి మనిషికీ ఒక మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. రెండేళ్ల కిందట ఊళ్లో శంకరయ్య విడవకుండా దగ్గుతుంటే తెమడ పరీక్ష చేయించింది. ఫలితం రాగానే వాకిట్లోంచే కేకేసింది: "టీబీ లేదన్నా, ఫికర్ చెయ్యకు." ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ సంబరంలోనే ఆరు నెలలు గడిచాయి. పట్నం దవాఖానలో ఊపిరితిత్తుల క్యాన్సరని తేలేసరికి చేయడానికేమీ మిగల్లేదు. ఊరు మాత్రం దమ్ము జబ్బుతో, ఆయాసంతో పోయాడంది. సుగుణమ్మ తనను తాను క్షమించుకోలేదు.

ఆ తర్వాత చేవెళ్లలో ఆశా వర్కర్ల మీటింగులో డాక్టర్ అరుణశ్రీ ఒక మ్యాపు చూపించింది. ఆ క్యాన్సర్‌తో ఎక్కువమంది పోయినట్టు లెక్కకెక్కిన చోట్లు ముదురెరుపు, తక్కువున్నవి లేత రంగు. పట్నం ముదురుగా ఉంది, పల్లెలు లేతగా ఉన్నాయి.

"మనదిక్కు తక్కువనే ఉన్నది మేడం" అని ఎవరో మురిసిపోయారు.

సుగుణమ్మ లేచింది. "తక్కువేం లేదు. మా శంకరన్న అందుల లేడు."

"నిజమే. పరీక్ష లేని కాడ చావుకు పేరుండదు" అంది డాక్టరమ్మ.

మొన్నటి చలికాలం అదే ఊరి ముత్తమ్మకు దగ్గు పట్టింది. బీడీ, చుట్ట ఎరగదు గానీ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన మనిషి. టీబీ లేదని తేలిన మర్నాడే, జబ్బేం లేకుంటే గుడి చుట్టూ తిరుగుతానని మొక్కిన నూట ఎనిమిది చుట్ల కోసం చిల్కూరుకు బయల్దేరింది. ముందు ఎక్స్‌రే తీయిద్దామని సుగుణమ్మ మొత్తుకుంది.

"దేవుని పని కానియ్యి సుగుణా, తర్వాత చూద్దాం."

చేసేదిలేక సుగుణమ్మ కూడా మొయినాబాద్‌లో ఆమెతోపాటు ఆటో ఎక్కింది. గుడిలో చుట్టుకొక టిక్కు పెట్టే నూట ఎనిమిది గళ్ల కాగితం తనే పట్టుకుంది. ఇరవై దాటాక ముత్తమ్మ అడుగు చిన్నదైంది. ముప్పై ఒకటో టిక్కు పడ్డాక స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. పొద్దంతా వంగి టమాటలు తెంపినా అలుపెరగని మనిషి.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది నీ మొక్కు. దేవుడింక ఏం ఇచ్చిండక్కా?"

ముత్తమ్మ ఊపిరి కూడదీసుకుంది. "ఏడికి పోదాం?"

అటునుంచి అటే పట్నం వెళ్లారు. ఆయాసం ఎంత దూరం నడిస్తే వస్తోందని డాక్టర్ అడిగితే, సుగుణమ్మ టిక్కుల కాగితం బల్లమీద పెట్టింది. స్కాన్ తీశారు, ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సరే. కానీ ఒక మూలనే ఉంది, కోసి తీసేయొచ్చన్నారు. తీసేశారు.

ఇప్పుడు సుగుణమ్మ వాకిట్లోంచి కేకలేయదు. లోపలికెళ్లి కూర్చుని, "టీబీ లేదు. మరి దగ్గెందుకొస్తున్నది? రేపు పట్నం పోదాం" అంటుంది. ఎవరైనా నసిగితే ముత్తమ్మను పిలుస్తుంది.

మొన్న ఇద్దరూ మళ్లీ చిల్కూరు వెళ్లారు. సుగుణమ్మ కొత్త కాగితం తీసుకోబోతే ముత్తమ్మ పాతదే తీయమంది.

"ముప్పయ్యొకటి తిరిగిననా లేదా? గవి ఏడికి పోతయ్?"

ఆగి ఆగి, మధ్యాహ్నానికి నూట ఎనిమిదీ పూర్తిచేసింది. ఆగకుండా ఇంకొకటి తిరిగొచ్చింది.

"ఇదెవరిదక్కా?"

"శంకరన్నది."

కాగితంలో నూట తొమ్మిదో గడి లేదు. సుగుణమ్మ కళ్లు తుడుచుకుని, అంచున శంకరయ్య పేరు రాసి టిక్కు పెట్టింది.