ముక్కులో కొట్టే మందు

మా అక్క ప్రొద్దుటూరులో టీచరు. ఆదివారం చర్చిలో ఆమె పాడితే, బయట చెప్పులు విడుస్తున్నవాళ్లు కూడా అక్కడే నిలబడి వినేవాళ్లు. నలభై దాటాక ఆమెకు డిప్రెషన్ వచ్చింది. మాత్రలతో ఏడుపు ఆగింది గానీ పాట రాలేదు.

"బాధ ల్యాదు రా, సంతోషమూ ల్యాదు. అన్నం తింటాంటే మన్ను నమిలినట్టుంది," అనేది.

మెదడులో సంతోషాన్ని పుట్టించే భాగం మొద్దుబారిందని, దాన్ని కదిలించగల కొత్త మందు ఒకటి వచ్చిందని డాక్టరు చెప్పాడు. ముక్కులో కొట్టే ఆ మందు కోసం అక్కను బెంగళూరుకు తిప్పాను. ఒకసారి తిరిగొస్తుంటే బస్సు పులివెందులలో ఆగింది. అరటిపండు కొనిచ్చాను. అక్క ఒక ముక్క కొరికి, "శానా తియ్యగుంది రా!" అంది. ఇల్లు చేరేదాకా సన్నగా పాడుతూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ వెలుగు నిలవలేదు. మందు వాడుతుండగానే అక్క మళ్లీ పాడడం మానేసింది. ఈ మందు అందరికీ ఒకేలా పనిచేయదని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు.

"ఆ పొద్దు బస్సులో పాడితివి కదక్కా?" అని మొన్న అడిగాను.

"పాడింది గుర్తుంది. అప్పుడు లోపల ఎట్లుండిందో గుర్తుకు వస్తా ల్యాదు రా," అంది.

ఇప్పుడు డాక్టరు ఇంకో మందు మొదలుపెట్టాడు.