ముప్పయ్యో లబ్ధిదారు

ఎల్స్‌పెత్ గెడ్డీస్ తన డెబ్భై ఒకటో ఏట అబద్ధం రాయడం నేర్చుకుంది. నేర్చుకున్న చోటు లైబ్రరీ పైగది. ఆరు మంగళవారాలు, పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా, టీ బిస్కెట్లతో సహా. కోర్సు పేరు మాత్రం "చిన్న సేవాసంస్థలకు గ్రాంటు దరఖాస్తులు రాయడం". పాఠం చెప్పిన రోనా పెట్రీ అబద్ధాలు రాయమని ఎక్కడా అనలేదు. ఆ సంగతి ముందే చెప్పేయడం న్యాయం. తర్వాత అంత జరిగినా ఎల్స్‌పెత్ ఆ అమ్మాయిని పల్లెత్తు మాట అనలేదు. తప్పు మొత్తం తన నెత్తినే వేసుకుంది. అందులో నా వాటా కూడా ఉంది. దాని దగ్గరికీ వస్తాను.

ఎల్స్‌పెత్ మా రేవు ఊరు పిట్‌కార్డీ బడి వంటింట్లో ముప్పయ్యొక్క ఏళ్ళు వండింది. ఊళ్ళో ఇరవై దాటి యాభై లోపు వయసున్న ప్రతివాడూ ఆవిడ గరిటె కింద పళ్ళెం పట్టినవాడే. అందులో ఒకడు ఇప్పుడు పోలీసు. ఆవిడ వీధిలో ఎదురైతే ఇప్పటికీ జేబులో ఉడికిన క్యారెట్లు దాచుకున్నవాడిలా చూస్తాడు. రిటైరయ్యాక ఆవిడ చేతులు ఖాళీగా ఉండలేక, చర్చి హాల్లో ప్రతి బుధవారం ముసలివాళ్ళకి భోజనం పెట్టడం మొదలుపెట్టింది. పప్పు సూపు, కీమా, బంగాళాదుంపలు, ఆ పైన ఏదో ఒక తీపి. నేను అదే బడిలో లాటిన్ చెప్పినవాణ్ణి కనక హాలు కమిటీకి కార్యదర్శిని చేశారు. సమావేశాల్లో జరిగింది రాస్తాను, ఎవరూ చదవరు. లాటిన్ చెప్పినప్పుడూ ఇంతే కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఇక వాటీ ఇమ్రీ. డెబ్భై తొమ్మిదేళ్ళు, వలలు బాగుచేసేవాడు, ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. బుధవారం తొమ్మిది కొట్టేసరికి సొంత కత్తి గుడ్డలో చుట్టుకుని వంటింటి తలుపు దగ్గర హాజరు. పన్నెండేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. భార్య పోయిన వారం కూడా వచ్చాడు. ఒకటిన్నర బస్తా బంగాళాదుంపలు ఒక్కడే చెక్కు తీస్తాడు. ఆ చెక్కు అడ్డం పెట్టుకుని పేపరు చదవచ్చు, అంత పల్చన.

"ఆ ఒక్కదాన్నీ ఇంతసేపు చెక్కుతున్నావేంటి వాటీ, దానికేమైనా పెళ్ళా?" అనేది ఎల్స్‌పెత్.

"నీ కీమాలోకి దిగబోతోంది కదమ్మాయ్, ఆఖరిసారిగా కాస్త శుభ్రంగా ఉండనీ."

ఆ వంటింట్లో పన్నెండేళ్ళ సంభాషణ ఇదే, చిన్న చిన్న మార్పులతో.

ఒక నవంబరులో హాలు బాయిలర్ చచ్చిపోయింది. ముసలివాళ్ళు కోట్లూ టోపీలూ తియ్యకుండా సూపు తాగసాగారు. చలికాలం పూర్తయ్యేలోగా కొత్తది రాకపోతే భోజనాలు ఆపేయాలని కమిటీ తేల్చింది. ఎవరో ఒకరు కోర్సుకి వెళ్ళి గ్రాంటు అడగడం నేర్చుకోవాలని కూడా తీర్మానించింది. ఆ ఒకరుగా ఎల్స్‌పెత్‌ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఓటింగు జరిగేటప్పుడు ఆవిడ వంటింట్లో ఉంది.

జన్మలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి. ఆవిడ రాసిన మొదటి దరఖాస్తు నేను చూశాను. "మా బాయిలర్ పాడైంది. జనం కోట్లేసుకుని తింటున్నారు. కొత్తది కావాలి. ఉంటాను."

"బావుంది," అంది రోనా. "కానీ ఇందులో మనుషులు లేరు. మీరు సూపు ఇస్తారు. ఇస్తే ఏమవుతుంది?"

"తాగుతారు."

"తాగితే ఏమవుతుంది?"

"అడుగంటిందంటారు."

రోనా ఓపికగల అమ్మాయి. పెట్టినది లెక్క కాదు, పెట్టడం వల్ల ఒకరి బతుకులో ఏం మారిందన్నది లెక్క అని చెప్పింది. ముప్పై మంది గురించి చెబితే ఎవరి మనసూ కరగదు, ఒక్క మనిషి గురించి చెప్పండి అంది. ఎల్స్‌పెత్ అన్నీ నోటు పుస్తకంలో ఎక్కించుకుంది, ముఖ్యమైన చోట గీత గీసి మరీ.

ఎడిన్‌బరాలో ఒక ధర్మనిధి హాళ్ళకి బాయిలర్లు ఇస్తోందని తెలిసింది. వాళ్ళ ఫారంలో రెండు గళ్ళున్నాయి. ఒకటి వాలంటీర్లు, రెండోది లబ్ధిదారులు. ఒకే మనిషి రెండు గళ్ళలోనూ ఉండకూడదు. లబ్ధిదారులు ముప్పై మందికి తగ్గకూడదు. ఎల్స్‌పెత్ మూడుసార్లు లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తారేమోనని ఒక బుధవారం ఎదురుచూసింది కూడా. రాకపోగా ఒకావిడకి జలుబు చేసింది.

అప్పుడు వాటీని ఈ గడిలోంచి ఆ గడిలోకి జరిపింది. అంతే. కలంతో చేసిన పనికి కత్తితో చేసినంత నొప్పి ఉంటుందని ఆ క్షణాన ఎవరనుకుంటారు?

జరిపాక ఆ ఒక్క మనిషి కథ కూడా అతనిదే అయింది. భార్య పోయినవాడు. ఒంటరిగా ఉంటాడు. మధ్యాహ్నం మాతో కూర్చుని తింటాడు. చిత్తుప్రతి నాకు చూపించింది. చదివి, ఒక విద్యావంతుడి గంభీరతతో, "ఇంట్లో డబ్బా బీన్స్ చల్లగానే తింటాడని కూడా రాయి, ఎల్స్‌పెత్. అక్కడ గుండె పట్టేస్తుంది," అన్నాను. అతను చల్లగా తినేది వేడివి నచ్చక. పొయ్యి లేక కాదు. నాకు తెలుసు. ఇదీ నా వాటా.

ఆ కథలో ఒక్క వాక్యమూ అబద్ధం కాదు. అన్నీ కలిపి చదివితేనే అబద్ధం.

గ్రాంటు వచ్చింది. బాయిలర్ వచ్చింది. ముసలివాళ్ళు కోట్లు తీసి, ఇప్పుడు మరీ ఉక్కగా ఉందన్నారు. ఏప్రిల్లో ధర్మనిధివాళ్ళు రంగుల పుస్తకం అచ్చేసి జిల్లాలో ప్రతి డాక్టరు గదికీ పంచారు. పదకొండో పేజీలో "మిస్టర్ డబ్ల్యూ." గోప్యత కోసం పేరు తీసేశారు. ఊరి పేరు, వలల పని, సగం వేలు మాత్రం ఉంచారు.

వాటీ మోకాలి నొప్పికని వెళ్ళి, గంటసేపు ఆ గదిలో కూర్చున్నాడు.

ఆ బుధవారం తొమ్మిదయింది, వాటీ రాలేదు. పదయింది. ఎల్స్‌పెత్ తనే కత్తి పట్టుకుంది. పన్నెండింటికి హాలు తలుపు తెరుచుకుంది. వాటీ వచ్చాడు, చావులకి వేసుకునే నల్ల సూట్‌లో, టై కట్టుకుని. వంటింటి వైపు చూడలేదు. మూడో బల్ల దగ్గర కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎల్స్‌పెత్ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "వాటీ! ఒంట్లో బాలేదా? ఈ వేషమేంటి?"

"బావుంది, మిస్ గెడ్డీస్. మీ దయ."

"మిస్ గెడ్డీస్ ఎవరు?"

"నేను లబ్ధిదారుణ్ణండీ. పదకొండో పేజీ. సూపు ఎప్పుడిస్తారో చెబితే, అంతదాకా ఒంటరిగా కూర్చుంటాను."

హాలంతా చెంచాలు ఆగిపోయాయి. ఎల్స్‌పెత్ తెచ్చి వడ్డించింది. ఆ రోజు దుంపలు చెక్కుతో పాటు సగం పోయి, పాచికల్లా మిగిలాయి. వాటీ అన్నీ తిన్నాడు. లేచి అందరికీ వినబడేలా, "దాతలకి నా కృతజ్ఞతలు తెలియజేయగలరు," అని వెళ్ళిపోయాడు.

నాలుగు బుధవారాలు ఇదే తంతు. ఆ సూటు, ఆ టై, ఆ "అండీ". తిట్టినా బాగుండేది. ఒకసారి ఆవిడ ఆపిల్ తీపి చేసి అతనింటికి పట్టుకెళ్ళింది. అతను గుమ్మంలోనే అందుకుని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడట.

ఎల్స్‌పెత్ ఆ నెలలో బాగా చిక్కింది. హాలు వెచ్చగా ఉన్నందుకు ఎవరైనా మెచ్చుకుంటే వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు నన్ను పిలిచి నోటు పుస్తకం తెరిచి చూపించింది. నాలుగో మంగళవారం, ఆవిడ చేతిరాతే: "ఎవరి కథ రాస్తామో, పంపే ముందు వాళ్ళకే చదివి వినిపించాలి." కింద రెండు గీతలు.

"నేనే గీశాను మాస్టారూ. ఒకటి కాదు, రెండు."

నేను బీన్స్ సంగతి ఎత్తాను. "ఆ మాట చెప్పింది నేను," అన్నాను.

"మీరు చెప్పారు. రాసింది నా చెయ్యి," అంది. నన్ను విడిచిపెడుతోందో, నా వాటా కూడా లాక్కుంటోందో అర్థం కాలేదు.

ఆ వారమే ధర్మనిధి నుంచి నివేదిక ఫారం వచ్చింది. మిస్టర్ డబ్ల్యూ జీవితంలో ఏం మార్పు వచ్చిందో రాయాలి. ఆవిడ ఒక్క ఊపున రాసేసింది. మిస్టర్ డబ్ల్యూ పన్నెండేళ్ళుగా మా వాలంటీరు, వారం వారం రెండు బస్తాల దుంపలు చెక్కు తీసేవాడు. ముప్పై కోసం నేను గడి మార్చాను. మీ గ్రాంటు వల్ల అతనిలో వచ్చిన మార్పు ఏమిటంటే, ఇప్పుడు మాతో మాట్లాడడం లేదు.

"ఇది పంపితే బాయిలర్ వెనక్కి అడుగుతారు," అన్నాను.

"పట్టుకెళ్ళమనండి. మోసేది వాళ్ళే కదా. కానీ ముందు అతనికి వినిపించాలి. మీరూ రండి. ఒక్కదాన్నే వెళ్తే మళ్ళీ సంతకం ఎక్కడ పెట్టాలంటాడు."

వాటీ రేవు దగ్గర గోడ మీద కూర్చుని వల కుడుతున్నాడు. ఎల్స్‌పెత్ నిలబడే చదివింది, బళ్ళో అప్పజెప్పే పిల్లలాగా. అతను చెయ్యి ఆపలేదు.

"రెండు బస్తాలు కాదు," అన్నాడు చివరికి. "ఒకటిన్నర. ఎక్కువ రాసి తెచ్చుకున్నది చాలదా?"

ఆవిడ కొట్టేసి దిద్దింది.

"ఇప్పుడెంత మంది?"

"ఇరవై తొమ్మిది."

"అయితే హాలు మూస్తారు."

"మూస్తారేమో. వాటీ, నన్ను..."

"నువ్వు బుధవారం ఏం తింటావ్?"

"నువ్వు" అన్నాడు. ఆవిడ ఆ మాట దగ్గరే ఆగిపోయి ప్రశ్న మర్చిపోయింది. అతను మళ్ళీ అడిగాడు.

"ఏదో. గిన్నె అడుగున ఉన్నది."

"ఎక్కడ?"

"సింకు దగ్గర."

"నిలబడి. పన్నెండేళ్ళుగా చూస్తున్నాగా. ఇంటికెళ్తే ఎవరున్నారు?"

"రేడియో ఉంది."

"మాస్టారూ, కలం అందుకోండి," అన్నాడు వాటీ నా వైపు తిరక్కుండానే. "ముప్పయ్యో పేరు. ఎల్స్‌పెత్ గెడ్డీస్, డెబ్భై ఒకటి, ఒంటరి. నిలబడి తింటుంది."

"ఛీ, నేనెందుకు! నేను వండేదాన్ని! రెండు గళ్ళలో ఉండకూడదని..."

"అయితే ఆ గడిలోంచి బయటికి రా. బుధవారం పన్నెండింటికి, మూడో బల్ల. మంచి బట్టలేసుకుని రా, నేనొచ్చాగా. వంట నేనూ మాస్టారూ చూసుకుంటాం. గిన్నెలు ఆయన తోముతాడు. బీన్స్ ఆలోచన ఈవిడ బుర్రలో పుట్టింది కాదని నాకు తెలీదనుకుంటున్నారా?"

నేను పేరు రాశాను. దేనికీ అభ్యంతరం చెప్పే స్థితిలో లేను.

ధర్మనిధి జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. సవరణ నమోదు చేసుకున్నారు. పదకొండో పేజీ ఇక అచ్చెయ్యరు. బాయిలర్ ఊసే ఎత్తలేదు.

బుధవారం పన్నెండింటికి ఎల్స్‌పెత్ చర్చికి వేసుకెళ్ళే నీలం కోటులో వచ్చి మూడో బల్ల దగ్గర కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ హాలుని కూర్చున్న ఎత్తు నుంచి చూసింది. వాటీ సూపు పెట్టాడు, తర్వాత కీమా, పల్చగా చెక్కు తీసిన దుంపలు. నేను తడిచేతులతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"వాటీ," అంది ఆవిడ మెల్లిగా, "నేను నిన్ను..."

"ఇంకో గరిటె వెయ్యనా?"

"అది కాదు, నేను చెప్పాలనుకున్నది..."

"దుంపలా, కీమానా?"

మూడుసార్లు మొదలుపెట్టింది, మూడుసార్లూ అతను వడ్డించాడు. పళ్ళెం నిండిపోయింది. ఆ క్షమాపణ మాట ఆవిడ ఇంకా బాకీనే ఉంది. ప్రతి బుధవారం మొదలుపెడుతుంది, అతను గరిటె ఎత్తుతాడు. ఆ రోజు మాత్రం తల వంచుకుని, పెట్టినదంతా తినేసింది.