భాగ్యవ్వ చెయ్యి పెట్టిన నీళ్లు

బీడీల చాట ఒడిలో పెట్టుకుందంటే పిడుగు పడ్డా లేవని మనిషని పెర్కిట్ ఊళ్లో భాగ్యవ్వకు పేరు. ఇంట్లోకి గాజుతొట్టి రాగానే ఆ పేరు గంగలో కలిసింది.

తొట్టి తెచ్చింది కొడుకు మహేశ్. ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు తూకం వేస్తాడు. మూడేళ్ల కూతురు దీపకు ఆటగా ఉంటుందని నిజామాబాద్ దుకాణంలో చిన్న ఎర్ర రొయ్యలు, నాలుగు ఆల్చిప్పలు కొన్నాడు. పిల్ల నాలుగు రోజులు చూసి మరిచిపోయింది. పిచ్చి పట్టుకున్నది నాయనమ్మకు. రొయ్యలు తనలాగే పొద్దస్తమానం చేతులాడిస్తాయని వాటి మీద ఎక్కడలేని ప్రేమ.

బెంగంతా ఆల్చిప్పలతోనే. ఇసుకలో దూరి కూర్చుంటాయి, ఉన్నాయో పోయాయో తెలిసి చావదు. ఒక్కటి చచ్చి కుళ్లినా నీళ్లు చెడి రొయ్యలన్నీ పోతాయని దుకాణం ప్రభుదాస్ చెప్పాడు. ఇంకేముంది, కాలుగాలిన పిల్లిలా తిరగడమే. నాలుగు బీడీలు చుట్టడం, లేచి తొట్టిలో చెయ్యి పెట్టడం, చిప్పను వేలితో తట్టడం. అది టక్కున మూసుకుంటే ప్రాణం కుదుటపడేది. కూర్చోగానే మళ్లీ అనుమానం.

చిప్పలు బాగానే ఉన్నాయి. రొయ్యలే గిరగిరా తిరిగి వెల్లకిలా పడి చావడం మొదలుపెట్టాయి. భాగ్యవ్వ కొడుకు మీద విరుచుకుపడింది.

"నీ పసుపు దుమ్మే వాటిని తింటున్నది. బయటనే బట్టలు దులుపుకొని రా."

"పసుపుతోని ఎవరన్న సస్తరానే అమ్మా? పుండుకు గూడ గదే పెడ్తం గదా."

అన్నాడే గానీ పాపం, రోజూ వాకిట్లోనే స్నానం చేసి వచ్చాడు. అయినా చావులు ఆగలేదు. చివరికి పొట్ట కింద గుడ్లు మోస్తున్న ఒక్క రొయ్య మిగిలింది. ఆదివారం పొద్దున అదీ తూలుతుంటే భాగ్యవ్వ చాట పక్కకు నెట్టి లేచింది. అప్పటికప్పుడు ప్రభుదాస్‌కు ఫోన్ చేయించింది.

"నీళ్లల్ల చెయ్యి ఎవరు పెడ్తున్నరు?" అన్నాడు ప్రభుదాస్.

"నేనే బిడ్డా. చిప్పలల్ల పానం ఉన్నదా లేదా అని సూస్త."

"ఏం పని జేస్తవమ్మా?"

"బీడీలు జేస్త."

"గదేనమ్మా, నీ చేతి తంబాకే. చేన్ల పురుగు సచ్చేటందుకు తంబాకు నీళ్లు కొడ్తరు సూడు. రొయ్యలకు గూడ గంతే. ఇగ చెయ్యి పెట్టకు."

చిప్పలు బతికున్నాయో లేదో చూడబోయి రొయ్యలను తానే చంపుకుంది. మహేశ్ సగం నీళ్లు మార్చాడు. రొయ్య నాచును పట్టుకుని నిలదొక్కుకుంది. భాగ్యవ్వ దగ్గరికి పోలేదు. చేతులు సబ్బుతో కడిగింది, బూడిదతో తోమింది, వేళ్లు వాసన చూసుకుంది. ముప్పై ఏళ్లుగా వేళ్లకు పట్టిన పొగాకు ఒక్కపూటకు పోతుందా?

మధ్యాహ్నం కోడలు వాణి కుట్టుపనికి పోయింది. పిల్లకు అన్నం పెట్టే పని ఎప్పుడూ నాయనమ్మదే. పప్పన్నం కలపబోయి భాగ్యవ్వ ఆగింది. ఈ చేత్తోనే మహేశ్‌కు గోరుముద్దలు పెట్టింది. ఈ చేత్తోనే దీపకు మొదటి పళ్లు వచ్చిన రోజు చిగుళ్లు తడిమి చూసింది. లేచి చెంచా తెచ్చింది.

దీప మూతి తిప్పేసుకుంది. "చెంచా వద్దు. చేత్తోని పెట్టు నానమ్మా."

"చెయ్యి మంచిగ లేదు బిడ్డా."

పిల్ల ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగనే ఉన్నది," అని వేళ్లను పళ్లెంలోకి లాగి నోరు తెరిచింది.

భాగ్యవ్వ చెయ్యి లాక్కుంది. దీప ఏడుపు అందుకుంది. ఎత్తుకుందామని రెండు చేతులూ చాచి, మధ్యలోనే ఆగిపోయింది భాగ్యవ్వ.