వయ్యారిభామ పరిచిన బీడు

మంగళవారం ఉదయం 7.40కి అప్పలకొండ వేలితో మట్టి గీకి చూపించింది. మూడు వారాల క్రితం చల్లిన గడ్డి విత్తనాలు మొలకెత్తాయి. గోరంత వేరు వేశాక, దాని కొన గోధుమరంగుకు తిరిగి అక్కడే ఆగిపోయింది. ఈ మట్టి కారణంగా ఆదివారం ఒక ముసలామెను ఊరు విడిచి పొమ్మనబోతున్నారు.

నన్ను ఇక్కడికి రప్పించింది చిన్ననాటి నేస్తం రమణ. పెందుర్తిలో ఆటో నడుపుతాడు. అప్పలకొండ అతని అక్క. "మా అక్క బీడుకి ఎవులో సేతబడి సేసీసారంట బావా. పేపరోడివి గదా, వొచ్చి సూడు" అని ఫోన్ చేశాడు. ఉక్కునగరంలో 5.15కి బయలుదేరి, గాజువాకలో బస్సెక్కి 6.50కి పెందుర్తి చేరాను. అక్కడి నుంచి ఆటోలో అరగంట. మామూలుగా నూట యాభై అడుగుతారు; రమణ తీసుకోలేదు.

బీడు ఎకరం ఉంటుంది. గట్టు వెంట నడుమెత్తున వయ్యారిభామ కలుపు మొక్కలు, తెల్లటి చిన్న పూలతో. లోపల నేల బోడి. వానలు మొదలై నెలైనా ఒక్క పచ్చటి పోచ లేదు. అప్పలకొండ గేదెలు రెండూ గట్టు దగ్గరే ఆగాయి. తాడు లాగినా లోపలికి అడుగు వేయలేదు. పిట్టలు లేవు. మేం మాటలు ఆపితే ఏ చప్పుడూ లేదు.

"ఎవరు చేశారంటావమ్మా?" అని అడిగాను.

"ఇంకెవులు బాబూ, ఆ సివరింటి నీలమ్మ! నాను ఇత్తనాలు సల్లతంటే గట్టు మీద నిల్సుని 'ఇక్కడ గడ్డి మొలవదే' అన్నాది. అన్నట్టే అయిపోనాది. ఈ గేదిలే నాకు దిక్కు."

"విత్తనాలకు ముందు ఇక్కడ ఏం చేశావు?"

"ఏటి సేత్తాను? ఆ పువ్వుల మొక్కలు పీకీసి, ఎరువౌతాదని నేలంతా పరిసీసాను."

రమణ నవ్వాడు. "ఐతే సేతబడి నువ్వే సేసుకున్నావే అక్కా!"

ఆమె నవ్వలేదు.

వయ్యారిభామ వేళ్ళ నుంచి, కుళ్ళిన ఆకుల నుంచి దిగే రసాయనాలు పక్క విత్తనాల వేళ్ళను ఎదగనివ్వవు. పీకేసినా ఆకు మట్టిలో ఉన్నంతకాలం ఆ పని సాగుతుంది.

తొమ్మిదింటికి నీలమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె తలుపు సందులోంచే మాట్లాడింది. "ఆ మొక్కలు పరిసిన సోట మొలవదన్నాను. సగమే ఇన్నాది."

తిరిగొచ్చి రెండు పళ్ళేల్లో గుడ్డ తడిపి, ఇరవయ్యేసి విత్తనాలు వేశాం. ఒకదానికి మామూలు నీళ్ళు. రెండోదానికి వయ్యారిభామ నానబెట్టిన నీళ్ళు. విత్తనాలు లెక్కపెట్టింది అప్పలకొండే. ఆదివారానికల్లా ఏ పళ్ళెంలో వేళ్ళు ఆగిపోతాయో ఊరు కళ్ళారా చూడాలని.

మొక్క చేసిన పని ఎవరికీ కనబడలేదు. గట్టు మీద నిలబడ్డ నీలమ్మ కనబడింది. ఊరు కనబడినదాన్ని పట్టుకుంది. అటు వెళ్ళేవాళ్ళు నిండు చేతుల చొక్కా వేసుకోండి, ఈ మొక్కను ఒట్టి చేత్తో ముట్టుకోకండి. నా మణికట్టు మీద దద్దుర్లు ఇంకా తగ్గలేదు.

ఆదివారం పదింటికి ఊరి పెద్దలు కూర్చుంటారు. నీలమ్మను రమ్మని కబురు వెళ్ళింది. తొమ్మిదిన్నరకు అప్పలకొండ ఇంటి నుంచి రమణ ఆటో అక్కడికి బయలుదేరుతుంది. పళ్ళేలు రెండూ అప్పలకొండ ఒళ్ళో ఉంటాయి.