కుడి పక్కే అరిగిన టైరు

ఆరేళ్ళ వయసున్న మోటార్‌సైకిల్ మూడు వందల కిలోమీటర్లు కూడా తిరగలేదంటే నేను నమ్మలేదు. నమ్మకపోయినా చూడ్డానికి వెళ్ళాను. నమ్మకం లేని చోటికి మనిషి రెండు కారణాలతోనే వెళ్తాడు. ఒకటి అవసరం, రెండోది ఆరా. నాకు రెండూ ఉన్నాయి.

ఎనభైల చివర్లో, విదేశంలో చదువుకునే రోజుల్లో, బ్లాక్‌టౌన్‌ అనే శివారులో ఒక స్నేహితుడితో కలిసి ఉండేవాణ్ణి. పగలు యూనివర్సిటీ, తెల్లవారుజామున బేకరీలో పని. ఆ పని మొదలయ్యే వేళకి తొలి రైలు ఇంకా బయల్దేరదు కాబట్టి సైకిల్ తొక్కేవాణ్ణి. ఎదురుగాలి వీచిన రోజు నాకంటే ముందు రొట్టెలే ఊళ్ళోకి వెళ్ళిపోయేవి. "ఇంకోసారి లేటైతే రానక్కర్లేదు, మేట్" అన్నాడు మా సూపర్‌వైజర్. మేట్ అన్నది ఎంత ప్రేమగా అన్నాడో, రానక్కర్లేదు అన్నదీ అంతే ప్రేమగా అన్నాడు. ఆ పని పోతే ఫీజు లేదు, ఫీజు లేకపోతే చదువు లేదు. అందుకని నాకు కావలసింది అందమైన బండి కాదు, చీకట్లో రోడ్డు మధ్య ఆగిపోని బండి.

అలాంటిది తన దగ్గర ఉందని తెలుగు ప్రార్థన కూడికలో ఒక అంకుల్ చెప్పారు. ఆయనది ఒంగోలు వైపు, ఆఫీసు ఉద్యోగం, ఇల్లు క్వేకర్స్ హిల్‌లో. "కొత్త బండే అనుకో బాబూ. కాలు కింద పెట్టనివ్వలేదు దాన్ని" అన్నారు.

శనివారం నా స్నేహితుడి కారులో వెళ్ళాం. వాడిది వరంగల్. దారంతా ఒకటే పాట: "మైలేజీ తక్కువుంటె మంచిదే గదరా? గింత సోచాయించుడెందుకు?"

"పెట్టెలో దాచిన బిస్కెట్లు కూడా ఎవరూ తినలేదు కదరా, అంతమాత్రాన బాగుంటాయా?"

"నువ్వు బండి కొననీకి పోతున్నవా, పోస్టుమార్టం చెయ్యనీకి పోతున్నవా?"

లైబ్రరీలో మోటార్‌సైకిల్ పత్రికలు చదివి వచ్చాను కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు నాక్కూడా కచ్చితంగా తెలియదు.

బండి గరాజ్‌లో ఉంది. షోరూంవాడు వేసిన ప్లాస్టిక్ ఇంకా సీటు మీదే ఉంది. అందులో నాకేం వింత కనిపించలేదు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి తొడిగిన ప్లాస్టిక్ రిమోట్ కంటే ఎక్కువ కాలం బతికింది. కానీ కవరు అంచు ఎత్తి చూస్తే కింద బూజు పట్టి ఉంది. ఇంజిన్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

"ఇప్పుడే స్టార్ట్ చేశారా అంకుల్?"

"పొద్దున చేశానులే. రోజూ చేస్తాను."

తర్వాతవన్నీ ఒకదానితో ఒకటి పొసగలేదు. కాళ్ళు ఆనించే రబ్బర్లు కొత్తవి. క్లచ్ లీవర్ మీద రంగు మాత్రం పోయింది. టైరు ఎడమ పక్కన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు అలాగే ఉన్నాయి, కుడి పక్కన ఒక్కటీ లేదు, పైగా అరిగింది. ఏ మనిషి ఆరేళ్ళు కుడి వైపే వెళ్తాడు? టాంకులోకి టార్చి వేస్తే లోపల ఎర్రటి తుప్పు.

"మీటర్ తీగ పీకి తిప్పిన్రు. పక్కా" అని వాడు నా చెవిలో ఊదాడు.

నాకూ అదే అనుమానం. కానీ ప్రార్థన చివర ఆమెన్ కూడా అందరికంటే నెమ్మదిగా అనే మనిషి మీటర్ తీగ పీకడం ఊహకి అందలేదు. తిరిగింది ఎక్కువైతే రబ్బర్లు ఎందుకు అరగలేదు? తక్కువైతే క్లచ్ లీవర్ ఎందుకు అరిగింది?

ఇంతలో ఆంటీ టీ కప్పులతో వచ్చారు. ఆసుపత్రిలో ప్రమాదాల వార్డు నర్సు ఆవిడ.

"ఎందుకు అమ్మేస్తున్నారాంటీ?" అన్నాను మామూలుగా.

"డ్రైవ్‌వే కాంక్రీట్ పాడైపోతోంది బాబూ. రోజూ సాయంత్రం ఈయన తిప్పీ తిప్పీ."

"ఇంటి ముందు డ్రైవ్‌వేలోనా?"

"మరెక్కడ? కొన్నరోజే చెప్పాను, నా కంటికి కనిపించే చోటే నడపాలి అని. వార్డులో నేను చూసేవి ఈయన చూడరుగా! గరాజ్ నుంచి గేటు దగ్గరి లెటర్‌బాక్స్ దాకా, లెటర్‌బాక్స్ నుంచి గరాజ్‌కి. నేను వరండాలో నిలబడతాను."

మేమిద్దరం అంకుల్ వైపు చూశాం. ఆయన టీ వైపు చూశారు. ఎడమ వైపు తిప్పడం కుదిరేది కాదట, అటు గులాబీ మొక్కలు. ఆ ప్రయాణానికి ఏటా రిజిస్ట్రేషన్ కూడా కట్టారు.

మీటర్ నిజమే చెప్పింది. బండే పాపం, ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆగుతూ, మళ్ళీ కదులుతూ, ఆయన కాళ్ళు నేలకి ఆనించి ఉండగానే, సగం పట్టిన క్లచ్‌తో, ఐదు గేర్లుండి కూడా ఆరేళ్ళు మొదటి గేరులోనే పాకింది. అలాంటి మూడు వందలు రోడ్డు మీద తిరిగిన ముప్పై వేలకంటే చెడ్డవి.

"ఒకసారి నడిపి చూస్తానంకుల్."

"మూలమలుపు దాటకు. కనపడవు" అన్నారు ఆంటీ.

వీధిలోకి రాగానే రెండో గేరు వేశాను. బండి ఒక్క క్షణం తడబడి, నత్తిగా దగ్గి, తర్వాత సర్దుకుంది. మూడో గేరులో దగ్గు ఎక్కువైంది కానీ ఇంజిన్ శబ్దంలో లోపం లేదు. మూలమలుపు దగ్గర ఎడమ వైపు తిప్పి వెనక్కి వచ్చాను, టైరుకి కాస్త న్యాయం చేద్దామని.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. టైర్లు మార్చాలి, క్లచ్ ప్లేట్లు మార్చాలి, టాంకు, కార్బురేటర్ శుభ్రం చెయ్యాలి. ఇంజిన్ మాత్రం బతికే ఉంది. పాత బండి ధరైతే తీసుకుంటాను, కొత్త బండి ధరైతే వద్దు.

అంకుల్ ముఖం చిన్నబోతుందనుకున్నాను. ఆయన బేరం సంగతే ఎత్తలేదు. ఆంటీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"మూడు దాకా వేశావా?"

"వేశానంకుల్."

"ఎట్టా ఉంది?"

జోకు వెయ్యబోయాను. ఆయన ముఖం చూసి మానేశాను.

"బాగుందంకుల్."

"నీ రేటే ఖాయం చేస్కో" అన్నారు.

రిపేర్లయ్యాక బేకరీకి సూపర్‌వైజర్ కంటే ముందే చేరి, గేటు తీసేదాకా చలిలో వణుకుతూ నిలబడ్డాను. పని నిలిచింది, జలుబు పట్టింది. తర్వాతి కూడికలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుండగా పక్కన ఎవరో మోచేత్తో పొడిచారు. అంకుల్ కళ్ళు మూసే ఉన్నాయి. చేతులు మాత్రం జోడించలేదు. ఒక చెయ్యి నా వైపు చాచి, ఐదు వేళ్ళు విప్పారు.

"వేశానంకుల్" అని ఆయన చెవిలో ఊదాను. కళ్ళు మూసుకునే నవ్వారాయన.