గ్లాసు ఖాళీ చెయ్యి!

ప్రొఫెసరమ్మకు ఒళ్లు మండటానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. సగంలో ఆగిన పని ఏదైనా కంటపడితే చాలు. సగం తాగి వదిలేసిన టీ, సగం మూసిన తలుపు, సగం చెప్పి మింగేసిన మాట, ఏదైనా సరే. ఒకసారి మీటింగులో డైరెక్టరుగారు తుమ్మబోయి ఆపుకుంటే, "కానివ్వండి సార్, మధ్యలో ఆపడమేమిటి?" అని కసిరింది.

ఈ కోపానికి పుట్టిల్లు ఎక్కడో, పన్నెండేళ్లుగా ఆవిడ దగ్గర పనిచేస్తున్న ల్యాబ్ అసిస్టెంటుకు తెలుసు. ఆవిడ బల్ల మీద పుచ్చకాయంత ప్లాస్టిక్ బొమ్మ ఉండేది. క్షయ క్రిమిలోని ఒక ప్రొటీను నమూనా అది, వెయ్యికి పైగా అమైనో ఆమ్లాల గొలుసు. అందులో ఒక చిన్న గుంట. మందు అణువు వెళ్లి ఆ గుంటలో కూర్చుంటే క్రిమి పని సరి. కానీ గుంట అంచున, గొలుసులో నాలుగు వందల యాభయ్యో స్థానంలో, సెరీన్ అనే బుద్ధిమంతుడు పోయి ల్యూసీన్ అనే మొండిఘటం తిష్ఠ వేస్తే మందుకు అక్కడ చోటుండదు.

"వెయ్యికి పైగా ఉన్నారయ్యా ఇందులో! మారింది ఒక్కడు!" అంటూ ఆవిడ ఆ ల్యూసీన్ నెత్తిన స్కేలుతో కొట్టేది. "వీణ్ణి ఎవరు పోషించారు? మందుల కోర్సు మధ్యలో ఆపినవాళ్లు! మెతకవి చస్తాయి, మొండివి మిగిలి పిల్లల్ని పెడతాయి. ముందు నువ్వా టీ తాగు!"

"చల్లారిపోయింది మేడం."

"వేడిగా ఉన్నప్పుడు తాగొద్దని ఎవరన్నారు?"

అతను కళ్లు మూసుకుని తాగేవాడు.

తన సంగతి సరే. లిఫ్టు నడిపే బాబాయి విషయంలో మాత్రం అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది. రోజూ పొద్దున తొమ్మిదికి, జనమంతా లిఫ్టు కోసం నిలబడి ఉండగా, అరవైకి దగ్గరపడ్డ ఆ మనిషి ముందు ఆవిడ నడుం మీద చేతులు వేసుకుని నిలబడేది.

"ఏమయ్యా, మళ్లీ సగమేనా? గ్లాసు ఖాళీ చెయ్యి! చుక్క మిగిలిందంటే ఊరుకోను!"

ఆయన కిక్కురుమనకుండా నీళ్లు గటగటా తాగేవాడు. చూడలేక అందరూ మొహాలు తిప్పుకునేవాళ్లు. ఐదు నెలలుగా ఇదే తంతు.

ఎంత ప్రొఫెసరైతే మాత్రం, నీళ్లు కూడా ఆవిడ చెప్పినట్టే తాగాలా? అసిస్టెంటు డైరెక్టరుకు ఫిర్యాదు రాసి, మధ్యాహ్నం లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లాడు.

"సంతకం పెట్టు బాబాయ్. ఈ అన్యాయం ఇక సాగనివ్వను."

బాబాయి కాగితం చదివి, తలుపు మూసి, లిఫ్టును రెండంతస్తుల మధ్య ఆపాడు.

"నాకు క్షయ బాబూ."

అసిస్టెంటు చాచిన పెన్ను వెనక్కి తీసుకున్నాడు.

"అంటుకునే దశ దాటిందని డాక్టరు రాసిచ్చాకే డ్యూటీకొచ్చా. కానీ ఆ పేరు వింటే ఈ లిఫ్టు ఎవరెక్కుతారు? బిళ్లలేసుకుంటే కడుపులో ఒకటే తిప్పుడు, రెండో నెల్లో మానేశా. మేడం పసిగట్టేసింది. కోర్సు మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టించి, రోజూ తన కళ్ల ముందే మింగాలంది. ఇంతమందిలో ఎలాగమ్మా అంటే, 'నేను తిడుతుంటే నీ వంక ఎవడైనా చూస్తాడా?' అంది. నిజమే, ఒక్కరూ చూడరు. నువ్వూ చూళ్లేదుగా? ఇంకా ఇరవై రెండు రోజులే."

అసిస్టెంటుకు మళ్లీ ఒళ్లు మండింది. ఈసారి మేడం మీద కాదు. రోగం పేరు వింటే మనిషినే వెలేసేవాళ్ల మీద, ఐదు నెలలుగా మొహం తిప్పుకుని నిలబడ్డ తన మీద. కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపేశాడు.

మర్నాటికి ప్రొఫెసరమ్మ గొంతు పోయింది. ప్రయోగం మధ్యలో సినిమాకు వెళ్లిన విద్యార్థి మీద ముందురోజు సాయంత్రమంతా అరిచిన ఫలితం. తొమ్మిదికి లిఫ్టు ముందు నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. జనానికి అది వింతగా ఉంది. ఎన్నడూ లేనిది అందరూ బాబాయి వంకే చూస్తున్నారు. బిళ్లలున్న గుప్పిట మెల్లగా జేబులోకి పోతోంది.

పన్నెండేళ్లలో ఎవర్నీ పల్లెత్తు మాట అనని అసిస్టెంటు గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏం బాబాయ్! నీళ్లు తాగడానిక్కూడా బద్ధకమేనా? ఎత్తు గ్లాసు! చుక్క మిగిలిందో, చూడు మరి!"

"ఛీ, ఇతనికీ ఆవిడ గాలి సోకింది," అంటూ లైబ్రేరియన్ మొహం తిప్పుకుంది. ఆమె వెనకాలే మిగతావాళ్లూ తిప్పుకున్నారు. బాబాయి గుటుక్కున మింగేశాడు.

ప్రొఫెసరమ్మ అసిస్టెంటు చెవి దగ్గరకొచ్చి, రాని గొంతుతో గుసగుసలాడింది.

"ఫరవాలేదు. రేపు ఇంకాస్త గట్టిగా తిట్టు. వెనక వరసలో ఇద్దరు ఇంకా చూస్తూనే ఉన్నారు."