లింబాద్రి తాడు

లింబాద్రికి ముక్కు మీద కోపమని గల్ఫ్‌లోని కల్బా చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ కోపం ఊరి నుంచి మోసుకొచ్చింది కాదని మాత్రం చాలామందికి తెలియదు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన కొత్తలో అంత నెమ్మదైన మనిషి క్యాంపులోనే లేడు. ఖోర్ ఫక్కాన్‌లో ఒక లేత్ షెడ్డులో ఊడ్చే పనికి కుదిరి, చూసి చూసి మిషన్ పని నేర్చుకున్నాడు. ఏం చెప్పినా "సరే సార్" అనేవాడు. ఒకసారి బరువులెత్తే కొక్కెం పగిలితే అతికించమన్నారు. అది నిలవదని తెలిసీ సరే అన్నాడు, అతికించాడు. మూడో రోజు అది విరిగి బరువు మీద పడి, కింద నిలబడ్డ బుడేన్ సాహెబ్ కుడిచెయ్యి పోయింది. నెల్లూరు మనిషి, లింబాద్రి పక్క మంచం మీదే పడుకునేవాడు. ఇంటికి వెళ్లే రోజు అతని చొక్కా గుండీలు లింబాద్రే పెట్టాడు. ఆ తర్వాత లింబాద్రి నోట సరే అన్న మాట రాలేదు. వస్తే కోపమే వచ్చేది.

2022 చలికాలానికి అతను కల్బా వెనక కొండల్లో ఒక షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే పనిలో ఉన్నాడు. ఫోర్‌మన్ అమలాపురం త్రిమూర్తులు. ఒక అర్బాబ్, అంటే అరబ్బు ఆసామి, తన తండ్రి నాటి రైఫిల్ తెచ్చాడు. దాని తూటాలు ఇప్పుడు దొరకడం లేదు. దొరికే లావు తూటా పట్టేట్టు గొట్టాన్నీ బోల్టునూ మార్చాలన్నాడు. బోల్టంటే తూటాను వెనక నుంచి అదిమిపట్టే ఉక్కు కడ్డీ. పేలినప్పుడు దెబ్బంతా దాని మీద పడుతుంది. దాని వెనకే కాల్చేవాడి ముఖం ఉంటుంది.

"బోల్టు తొలిస్తె అంచు పల్చగైతది సార్. పాత ఇనుము, కొత్త తూటాకు జోరెక్కువ. ఆగది," అన్నాడు లింబాద్రి.

"ఆ మాట మేనేజరుతో నువ్వు చెప్తావా? చేసెయ్యవయ్యా బాబూ," అన్నాడు త్రిమూర్తులు.

ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి లింబాద్రి ఒక్క షరతు పెట్టాడు. మొదటి మూడు తూటాలు మనిషి కాల్చకూడదు. రైఫిల్‌ను బల్లకు బిగించి, గోడ చాటు నుంచి తాడుతో లాగాలి. త్రిమూర్తులు తలూపాడు. లింబాద్రి రెండు రోజులు తిట్టుకుంటూనే ఆ బోల్టును చేతనైనంత బాగా చేశాడు.

గురువారం అన్నం తిని వచ్చేసరికి బల్ల మీద రైఫిల్ లేదు. కాల్చే చోటికి పరుగెత్తాడు. నరేశ్ దాన్ని భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. లింబాద్రి పక్క ఊరివాడే, క్లబ్బులో గురిపలకలు మార్చే పని. ఊళ్లో భార్య వాసంతి, ఇద్దరు పిల్లలు.

"దించురా."

"సారే కాల్చుమన్నడు కాక."

"అర్బాబ్ బయట గావా కాఫీ తాగుతున్నాడయ్యా," అన్నాడు పక్కనే ఉన్న త్రిమూర్తులు. "బల్లలూ తాళ్లూ అంటూ కూర్చుంటే ఎప్పటికవుద్ది? మూడు తూటాలే కదా. నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

లింబాద్రికి కోపం నషాళానికి అంటింది. నరేశ్ చేతిలోంచి రైఫిల్ లాక్కుని ఫోర్‌మన్ ముందు పట్టాడు.

"నాకు లేదు సార్. మీకున్నది గద. మీరే కాల్చుండ్రి."

త్రిమూర్తులు నవ్వాడు. లింబాద్రి చేతులు దించలేదు.

"చెంప ఆనిచ్చి కాల్చాలె. వాడు గట్లనే కాలుస్తుండె."

త్రిమూర్తులు రైఫిల్ అందుకున్నాడు. భుజం దాకా ఎత్తాడు. చెంప మాత్రం బెత్తెడు దూరంలోనే ఆగిపోయింది. మెల్లగా రైఫిల్ దించి, "సరే, తాడు కట్టండి," అన్నాడు.

లింబాద్రి రైఫిల్‌ను బిగించి, వెనక కాల్చేవాడి తల ఉండే చోట ఒక చెక్క పలక నిలబెట్టాడు. మొదటి తూటా బాగానే పోయింది. రెండోదీ పోయింది. "చూశావా?" అన్నాడు త్రిమూర్తులు. లింబాద్రి మూడోసారి తాడు లాగాడు. ఈసారి చప్పుడే వేరుగా ఉంది. వెళ్లి చూస్తే బోల్టు అంచు విరిగి, బొటనవేలంత ఉక్కు ముక్క పలకలో దిగబడి ఉంది.

"దేవుడు కాపాడాడయ్యా," అన్నాడు త్రిమూర్తులు.

"దేవుని మీదికి నూకకుండ్రి సార్. కాపాడింది తాడు. దాన్ని మీరు ఒద్దన్నరు."

ఫోర్‌మన్ తల వంచుకుని అర్బాబ్ దగ్గరికి వెళ్లాడు. నరేశ్ ఆ పలకనే చూస్తూ కుడిచెంప తడుముకుంటున్నాడు. లింబాద్రి అతని చెయ్యి పక్కకు తోసి, ఆ చెంప మీదే ఒక్కటి కొట్టాడు.

"నువ్వెందుకు సరే అన్నవురా?"

బుడేన్ సాహెబ్ చెయ్యి పోయిన నాటి నుంచి లింబాద్రి తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది. కొట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. దాని కింద చెంప వెచ్చగా, చెక్కుచెదరకుండా ఉంది.